పసిచేతి ముద్ద

అన్నప్రాశన రోజు మన ఇళ్లలో చాప మీద పుస్తకం, కలం, బంగారు గొలుసు, డబ్బు, పూలు పేర్చి పెడతారు. కొన్నిచోట్ల చిన్న కత్తి కూడా పెడతారు. ఆరో నెల బిడ్డను నాలుగడుగుల దూరంలో బోర్లా వదులుతారు. ఇల్లంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. బిడ్డ పొర్లో, పాకో ఏదో ఒకటి అందుకుంటుంది. కలం పట్టుకుంటే చదువుల తల్లి అని చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఆగకముందే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి వెండి గిన్నెలో పరమాన్నం తెస్తారు. గిన్నె మెరుపు చూసి బిడ్డ చేయి చాస్తుంది. అప్పుడు అమ్మమ్మో నాయనమ్మో ఆ రెండు చేతులూ మెల్లగా పట్టుకుని పక్కకు తీస్తుంది. ఉంగరంతో అద్దిన పరమాన్నం నోట్లోకి వెళ్తుంది.

నిమిషం కిందట రాబోయే బతుకును ఎంచుకోమని వదిలిన చేతినే మెతుకు దగ్గరికి వచ్చేసరికి పట్టి ఆపుతున్నాం. పసిబిడ్డ తనంతట తాను తినడం నేర్చుకునే చరిత్రను ఎంత వెనక్కి వెళ్లి చూసినా నాకు ఈ దృశ్యమే కనిపిస్తుంది. పెద్దల చేయి ఒక కాలంలో ఆ పసిచేతిని వదిలింది, ఇంకో కాలంలో పట్టుకుంది. ఇప్పుడు ఫింగర్ ఫుడ్స్ అనే పేరుతో ఊరూరా తల్లులు మాట్లాడుకుంటున్నది కొత్తగా పుట్టిన సంగతి కాదు. చాలాసార్లు మరిచిపోయి, చాలాసార్లు మళ్లీ గుర్తు తెచ్చుకున్న సంగతి.

మన దగ్గరి నుంచే మొదలుపెడతాను. ఆపస్తంబ గృహ్యసూత్రం ఆరో నెలలో పెరుగు, తేనె, నెయ్యి, అన్నం కలిపి బిడ్డకు పెట్టమంటుంది. తిత్తిరి పక్షి మాంసం పెట్టాలని కొందరంటారని కూడా చెబుతుంది. సుశ్రుతుడూ ఆరో నెలే అన్నాడు, తేలికైనది, హితమైనది పెట్టమన్నాడు. కాశ్యప సంహిత దారి కొంచెం వేరు. అందులో ఆరో నెలలో చేయాల్సింది ఫలప్రాశన. ముందు పండు, అన్నం పదో నెలలో. పసిపిల్లల వైద్యానికి ప్రత్యేకించిన ఆ గ్రంథం పండుకు అంత ముందు చోటివ్వడం నాకు ఎంతో నచ్చే విషయం. మెత్తగా మాగిన పండును మించి బిడ్డ పిడికిట్లో ఒదిగేది ఇంకేముంది?

వాగ్భటుడు ఇంకో అడుగు ముందుకేశాడు. పాలు మాన్పిన బిడ్డకు సారపప్పు, అతిమధురం, తేనె, పేలాలు, కలకండ కలిపి మోదకం చేసి ఇవ్వమని అష్టాంగహృదయంలో చెప్పాడు. మోదకమంటే ఉండ. గంజి అయితే పోయాలి, ఉండ అయితే చేతికివ్వొచ్చు. ఆ ఉండను బిడ్డే పట్టుకుని తినాలని వాగ్భటుడు విడిగా చెప్పలేదు, అది నా ఊహ. కానీ పేలాలూ సారపప్పూ కలిపి చుట్టిన ఉండను బిడ్డ ముందు పెట్టి, బిడ్డ చేయి దాని మీదికి పోకుండా ఆపగలిగిన తల్లి ఏ కాలంలోనూ ఉండదని మాత్రం గట్టిగా అనగలను.

ఇక్కడే ఒక మాట చెప్పి ముందుకు వెళ్లాలి. ఈ గ్రంథాలన్నిటా తేనె కనిపిస్తుంది. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి వల్ల ఏడాది లోపు పిల్లలకు బొట్యులిజం అనే జబ్బు రావచ్చని 1976లో కాలిఫోర్నియాలో పసిపిల్లల కేసులు బయటపడిన తర్వాతే ప్రపంచానికి తెలిసింది. అన్నప్రాశనలో తేనె బదులు నెయ్యి చాలు. శాస్త్రం మీద గౌరవం ఉన్నవాళ్లు కూడా ఈ ఒక్క మార్పు నిస్సంకోచంగా చేసుకోవాలి.

గ్రంథాల్లో అలా ఉంటే వంటింటి పక్కన ఉగ్గుగిన్నె ఉండేది. ఒక పక్క ముక్కులా సాగిన చిన్న వెండిదో కంచుదో గిన్నె. ఉగ్గుపాలతో నేర్చిన విద్య అని ఇప్పటికీ అంటాం గానీ, పాత నిఘంటువుల్లో ఉగ్గు అంటే ఆముదం కలిపిన పాలు. మా తరం వాళ్లు ఇది కళ్లారా చూశారు. బామ్మ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. రెండు కాళ్ల మధ్య పల్లంలో బిడ్డను వెల్లకిలా పడుకోబెడుతుంది. మోకాళ్లు దగ్గరికి చేర్చగానే బిడ్డ చేతులు రెండూ వాటి మధ్య ఇరుక్కుంటాయి. గిన్నె ముక్కు పెదవి చివర ఆనుతుంది. ఏడిస్తే నోరు తెరుచుకుంటుంది, తెరుచుకుంటే ఉగ్గు పోస్తారు. ఆమె ప్రేమలో లోటు లేదు, చేతివాటం అద్భుతం. అయినా అలా పోసిన నూనె కొందరు పిల్లల ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెచ్చిందని పిల్లల వైద్యులు తర్వాత్తర్వాత చెప్పాల్సి వచ్చింది. మింగడం తన వంతు అని బిడ్డకు తెలియకముందే పోయడం జరిగిపోయేది.

ఈ గిన్నె మనకొక్కరికే సొంతం కాదు. జర్మనీలోని బవేరియాలో కంచు యుగం, ఇనుప యుగం నాటి పసిపిల్లల సమాధుల్లో ముక్కున్న చిన్న మట్టి పాత్రలు దొరికాయి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిలో మూడింటిని పరీక్షించి, లోపలి గోడల్లో పశువుల పాల కొవ్వు ఆనవాళ్లు ఉన్నాయని 2019లో ప్రకటించారు. బిడ్డతో పాటు గిన్నెను కూడా మట్టిలో పెట్టిన తల్లి ఎవరో! రోమ్‌లో క్రీస్తు శకం రెండో శతాబ్దంలో వైద్యం చేసిన సొరానస్ ఆరు నెలల లోపు గింజల తిండి వద్దన్నాడు. ఆ తర్వాత పాలలోనో తేనెనీళ్లలోనో నానబెట్టిన రొట్టె ముక్కలు పెట్టమన్నాడు. ఆపస్తంబుడికీ సొరానస్‌కూ ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలు లేదు. ఇద్దరూ ఆరో నెల దగ్గరే ఆగారు. బిడ్డ నడుము నిలిచి కూర్చునేదీ, కనిపించినదల్లా నోట్లో పెట్టుకునేదీ అప్పుడే మరి.

తెలుగు నేల మీద ఉగ్గుగిన్నెకు పక్కనే ఇంకో సంప్రదాయం సాగింది. గోరుముద్ద. గోరంత ముద్ద అనుకున్నా, వేలి కొసతో పెట్టే ముద్ద అనుకున్నా, ఆ మాటలోనే కొలత ఉంది. తల్లి వేళ్లతో మెతుకు నలిపి చూస్తుంది, వేడి చూస్తుంది, పలుకు తగిలితే తీసేస్తుంది. ఏ చెంచాకూ ఆ పని రాదు. చందమామను చూపిస్తూ, కాకికి ఒక ముద్ద, పిచ్చుకకు ఒక ముద్ద అంటూ, బిడ్డ నోరు తెరిచేదాకా ఆగుతుంది. ఈ ఆగడమే గోరుముద్దకు ప్రాణం. కొన్ని ఇళ్లలో చందమామ వంకతో నోరు తెరిపించి, కడుపు నిండిందని తల తిప్పినా వదలకుండా మూడు ముద్దలు ఎక్కువ కుక్కేవాళ్లు. ఒకే గోరుముద్దను ఎదురుచూస్తూ పెట్టొచ్చు, ఏమార్చి పెట్టొచ్చు.

తన చేత్తో తాను తినే బిడ్డ కూడా మన సాహిత్యానికి కొత్త కాదు. వెన్నముద్ద చేతబట్టిన బాలకృష్ణుడిని మించిన బొమ్మ ఏ జాతి పిల్లల తిండి చరిత్రలో ఉంది? మోకాళ్ల మీద పాకుతూ ఒక చేత ముద్దను పట్టుకున్న కంచు విగ్రహాలు దక్షిణదేశమంతటా పోశారు. తెలుగు పిల్లలకు నేర్పే తొలి పద్యాల్లో ఒకటి ఆ రూపమే. పోతన భాగవతంలో చల్దులు తినే ఘట్టం సరేసరి. కృష్ణుడు గోపబాలుర నడుమ కూర్చుని మీగడ పెరుగు కలిపిన ముద్దను ఎడమ చేత్తో పట్టుకుంటాడు, వేళ్ల సందుల్లో ఊరుగాయలు ఇరికించుకుంటాడు. ఎడమ చేయి! ఏడాది లోపు బిడ్డకు ఏ చేయి వాటమో ఇంకా తేలదు. కంచంలో ఎడమ చేయి పెట్టగానే ఆ చేతి మీద ఒకటి వేసే పెద్దవాళ్లను చూసినప్పుడల్లా నాకు పోతన గుర్తుకొస్తాడు.

పుస్తకాల దాకా పోకపోయినా వేసవి పెరడు ఉంది. చిన్నరసం మామిడిపండు పిండుకు తిన్నాక పీచుతో మిగిలిన టెంక. ఎనిమిది నెలల బిడ్డకు మొలతాడు తప్ప ఒంటి మీద ఏమీ ఉంచకుండా పెరట్లో కూర్చోబెట్టి ఆ టెంక చేతిలో పెట్టేవాళ్లు. రెండు చేతులతో పట్టుకుంటే జారుతుంది. పొట్టకు ఆనించి మళ్లీ పట్టుకుంటుంది. చిగుళ్లతో గీకుతుంది. రసం మోచేతి దాకా కారి, అక్కడి నుంచి తొడ మీద పడి, చీమలు దారి కడతాయి. అరగంట గడిచాక తల్లి వచ్చి ఎత్తుకుని బావి గట్టున నాలుగు చెంబుల నీళ్లు పోస్తే అయిపోయేది. తెలంగాణలో జొన్నరొట్టె అంచు, రాయలసీమలో సంగటి ముద్దలో చిదిమిచ్చిన కొస, కృష్ణా గోదావరుల దగ్గర ఆవిరి కుడుము ముక్క, పప్పుచారులో ఉడికిన మునక్కాడ చీకడం. వీటికి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. పేరు పెట్టలేదు కాబట్టే వీటి విలువ తెలియకుండా పోయిందేమో.

ఇక పడమటి దేశాలు. అక్కడ శతాబ్దాల తరబడి రొట్టెను పాలలోనో నీళ్లలోనో ఉడికించిన జావ పోశారు. దానికి పడవ ఆకారపు గిన్నెలు కూడా వచ్చాయి. 1865లో లీబిగ్ అనే రసాయన శాస్త్రవేత్త పసిపిల్లల పిండి తయారు చేశాడు. 1867లో హెన్రీ నెస్లే స్విట్జర్లాండ్‌లో పాలు, గోధుమ పిండి కలిపిన పొడిని అమ్మకానికి పెట్టాడు. పిల్లల తిండి వంటింట్లోంచి డబ్బాలోకి వెళ్లడం అక్కడ మొదలు. 1894లో న్యూయార్క్ వైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ తల్లులకూ ఆయాలకూ ప్రశ్నలు జవాబులుగా ఒక పుస్తకం రాశాడు. గడియారం ప్రకారం, ఔన్సుల కొలతల ప్రకారం బిడ్డను పెంచాలన్న తరానికి అది వేదమైంది. ఆకలి ఎప్పుడు వేయాలో కూడా డాక్టరు చెప్పే రోజులు.

తర్వాత డబ్బాల్లో మెత్తటి కూరగాయలు వచ్చాయి. 1927లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్రీమాంట్ ఊళ్లో డొరతీ గర్బర్ తన పసిబిడ్డ కోసం బఠాణీలు వడగట్టలేక విసిగి, డబ్బాల ఫ్యాక్టరీ ఉన్న తన కుటుంబమే ఆ పని ఎందుకు చేయకూడదని భర్తను అడిగిందని కంపెనీ చెప్పుకునే కథ. 1928లో వడగట్టిన బఠాణీ, క్యారెట్, పాలకూర మార్కెట్లోకి వచ్చాయి. 1931 నాటికి టొరంటో పిల్లల ఆసుపత్రి వైద్యులు తయారు చేసిన పాబ్లం అనే గంజిపొడి వచ్చింది. రికెట్స్ వంటి లోపాల జబ్బులు తగ్గించడానికి ఈ పొడులు మేలు చేశాయి, అది కాదనను. కానీ అన్నీ మెత్తన, అన్నీ ఒకే రుచి, అన్నీ చెంచాతో. 1950లలో ఫ్లోరిడాకు చెందిన వాల్టర్ సాకెట్ అనే డాక్టరు పుట్టిన రెండు మూడు రోజులకే గంజి మొదలుపెట్టమని ప్రచారం చేసేదాకా పోయింది. మెడ నిలవని బిడ్డకు గంజి! నమిలే వయసు వచ్చినా నమిలే పని లేదు, మింగే శక్తి రాకముందే మింగమన్నారు.

ఈ డబ్బాల కాలం మొదట్లోనే, ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం జరిగింది. 1926లో క్లీవ్‌లాండ్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో క్లారా డేవిస్ అనే పిల్లల వైద్యురాలు ముగ్గురు శిశువులతో ఒక ప్రయోగం ప్రారంభించింది. తర్వాత షికాగోలో దాన్ని పెంచి మొత్తం 15 మంది పిల్లలను గమనించింది. అంతా పాలు తప్ప వేరే తిండి ఎరుగని, ఆరు నుంచి పదకొండు నెలల వయసు పిల్లలు. చాలామంది చిన్న వయసు తల్లుల బిడ్డలో, భర్త పోయిన ఆడవాళ్ల బిడ్డలో. కొందరు బక్కచిక్కి ఉన్నారు, ఐదుగురికి రికెట్స్ ఉంది.

ఆ భోజనం దగ్గరికి వెళ్లి చూద్దాం. బిడ్డ ముందు పళ్లెం. అందులో చిన్న చిన్న గిన్నెలు. ఒకదానిలో ఉడికిన బీట్‌రూట్, ఒకదానిలో అరటిపండు, ఒకదానిలో గొడ్డు మాంసం, ఇంకోదానిలో ఓట్స్, గుడ్డు, ఎముక మూలుగ, పాలు, పులిసిన పాలు. ఉప్పు కూడా విడిగా ఒక గిన్నెలో. మొత్తం జాబితాలో 30కి పైగా రకాలు, దేన్నీ దేనితోనూ కలపలేదు. పక్కన నర్సు చెంచా పట్టుకుని కూర్చుంటుంది. బిడ్డ ఏదైనా గిన్నె వైపు చేయి చాస్తేనో, చూపిస్తేనో దానిలోంచి చెంచాడు తీస్తుంది. నోరు తెరిస్తే పెడుతుంది, లేకపోతే దించేస్తుంది. తిను అనకూడదు. బాగుందా అనకూడదు. వద్దు అనకూడదు. బిడ్డ చేత్తో తింటే తిననివ్వాలి, మర్యాద నేర్పకూడదు. మొదటి రోజుల్లో ఆ పిల్లలు తిండినే కాదు, చెంచాను, గిన్నెను, పళ్లెం అంచును, కింద పరిచిన కాగితాన్ని కూడా ఆశగా కొరికి చూశారట. ఏది తిండో ఏది కాదో తేల్చుకోవడం కూడా వాళ్ల పనే.

కొన్ని రోజుల్లోనే ఒక్కొక్కరికి ఒక్కో రుచి తేలింది. ఒకడు పొద్దున్నే నారింజ రసం, కాలేయం తిన్నాడు. ఇంకొకరు రాత్రి గుడ్లు, అరటిపండ్లు, పాలు. ఏ ఇద్దరి తిండీ ఒకలా లేదు, ఏ పిల్లవాడి తిండీ ఏ రెండు రోజులూ ఒకలా లేదు. నెలలు గడిచేసరికి అందరూ ఏపుగా పెరిగారు. రికెట్స్ ముదిరిన ఒక బిడ్డ పళ్లెంలో కాడ్ లివర్ నూనె గ్లాసు పెడితే, జబ్బు నయమయ్యేదాకా అప్పుడప్పుడూ తానే తాగాడు, నయమయ్యాక దాని జోలికి పోలేదు. 36,000 భోజనాల దాకా లెక్కలు రాసిపెట్టుకుని 1939లో ఆమె ఫలితాలు చెప్పింది. ఆ నివేదికలో నేను ఎప్పుడూ మరిచిపోనిది ఆమె నిజాయితీ. కిటుకు పిల్లల్లో మాత్రమే కాదు, తిండి జాబితాలో ఉందని ఆమే చెప్పింది. పళ్లెంలో పంచదార లేదు, మైదా లేదు, డబ్బా తిండి లేదు. ఏది ముట్టుకున్నా మేలే అయ్యేలా పెద్దలు పేర్చారు, ఎంత ముట్టుకోవాలో పిల్లలు చూసుకున్నారు. పంచదారలు, మైదాలు కలిపిన పళ్లెంతో మళ్లీ పరీక్షించాలని ఆమెకు కోరిక ఉండేది. ఆర్థిక మాంద్యం వల్ల డబ్బు లేక ఆ ప్రయోగం జరగలేదు.

అదే రోజుల్లో యేల్ విశ్వవిద్యాలయంలో హాల్వర్సన్ అనే శాస్త్రవేత్త పసిచేతిని సినిమా కెమెరాతో తీశాడు. చిన్న ఘనాన్ని బిడ్డ ఎలా పట్టుకుంటుందో నెలల వారీగా చూసి 1931లో పది రకాల పట్లు వివరించాడు. ఆరో నెలలో అరచేయి మొత్తంతో గుప్పిట పట్టడం, తొమ్మిది పది నెలలకు బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గింజను ఏరడం. ఈ రెండు పట్ల మధ్య దూరమే తిండి ఆకారాన్ని నిర్ణయిస్తుంది. గుప్పిట పట్టే బిడ్డకు వేలంత పొడవు ముక్క కావాలి, ఎందుకంటే పిడికిట్లో దాగిన ముక్కను తీసి తినడం తనకు ఇంకా రాదు, పైకి కనిపించే కొసనే కొరుకుతుంది. ఉడికించిన సొరకాయ ముక్క, చిలగడదుంప, పొడవుగా కోసిన ఇడ్లీ, దోర బొప్పాయి కాదు బాగా మాగినది. వేలితో నొక్కితే చితకాలి, అదే పరీక్ష. గింజ ఏరే వయసు వచ్చాక చిన్న ముక్కలు, మెత్తబడిన అన్నం మెతుకులు, మరమరాలు.

ఆ వేళ్లకూ నోటికీ కూడా ఒక గడువు ఉంటుందని 1964లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో రొనాల్డ్ ఇల్లింగ్‌వర్త్, లిస్టర్ రాశారు. నమలడం నేర్చే అదను ఆరు ఏడు నెలల దగ్గర వస్తుంది, అది దాటితే గట్టి తిండి నేర్పడం కష్టమవుతుందన్నది వాళ్ల వాదం. బ్రిస్టల్ పరిసరాల్లో తొమ్మిది వేల మందికి పైగా తల్లులను అడిగి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, పది నెలల తర్వాతే పలుకు తిండి మొదలుపెట్టిన పిల్లలకు తినే విషయంలో ఇబ్బందులు ఎక్కువ కనిపించాయి. ఆ పిల్లల్నే ఏడేళ్లప్పుడు చూస్తే పండ్లూ కూరలూ తక్కువ రకాలు తింటున్నారని 2009లో తేలింది. రెండేళ్ల పిల్లవాడికి ఇంకా మిక్సీలో వేసిన అన్నం పెడుతున్న ఇళ్లు మన పట్నాల్లో ఎన్నో. గొంతులో అడ్డం పడుతుందన్న భయమే దానికి కారణం.

ఆ భయం ఉత్తది కాదు. ఫిలడెల్ఫియాలో షెవలియర్ జాక్సన్ అనే గొంతు వైద్యుడు తన జీవితకాలంలో రోగుల గొంతుల్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి తీసిన వస్తువులు 2,374 దాచిపెట్టాడు. అవి ఈనాటికీ అక్కడి మ్యూటర్ మ్యూజియం సొరుగుల్లో ఉన్నాయి. పిన్నులు, గుండీలు, నాణేలు, గింజలు. పసిపిల్లలకు వేరుశనగలు ఇవ్వొద్దని ఆయన మొత్తుకున్నాడు. మన ఇంట్లో చూసుకుంటే పల్లీలు, పుట్నాలు, ఉడకని శనగలు, గుండ్రంగా ఉన్న ద్రాక్ష, పచ్చి క్యారెట్ ముక్క, కొబ్బరి ముక్క. ఇవి ఏడాది బిడ్డకు మాత్రమే కాదు, మూడు నాలుగేళ్ల వాళ్లకూ ప్రమాదమే. పడుకోబెట్టి పెట్టకూడదు, నడిచే పిల్లల వెంట పరుగెత్తి పెట్టకూడదు. బిడ్డ నిటారుగా కూర్చోవాలి, పక్కనే కళ్లప్పగించి ఒకరు ఉండాలి. అయితే ఓకరించడం వేరు, అడ్డం పడటం వేరు. ఆరు నెలల బిడ్డకు నాలుక మీద కాస్త ముందుకే ఓకరింత మీట ఉంటుంది. ముక్క అక్కడ తగలగానే ఓకరిస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, దగ్గుతుంది, ముక్క బయటికి వస్తుంది. అది గొంతు కాపలా. నెలలు గడిచేకొద్దీ ఆ మీట వెనక్కి జరుగుతుంది. నిజంగా అడ్డం పడితే శబ్దమే రాదు. దగ్గే బిడ్డ నోట్లో వేలు పెట్టి ముక్కను లోపలికి తోసేసేది మన కంగారే.

2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దని తీర్మానించింది. ఆ నిర్ణయం వల్ల చెంచా కథే మారిపోయింది. నాలుగో నెల బిడ్డకు జావ తప్ప ఏమీ పెట్టలేం. ఆరు నెలలు నిండిన బిడ్డ కూర్చోగలదు, పట్టుకోగలదు, కొరకగలదు. మరి జావ దశ ఎందుకు? ఈ ప్రశ్నను ఇంగ్లండులో గిల్ రాప్లీ అనే ఆరోగ్య కార్యకర్త గట్టిగా అడిగింది. 2008లో ట్రేసీ ముర్కెట్‌తో కలిసి ఆమె రాసిన పుస్తకంతో బిడ్డే ముందు నడిచే పద్ధతి ప్రపంచమంతా పాకింది. దీని మీద న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 206 మంది తల్లులతో చేసిన పరీక్షలో, జాగ్రత్తలు నేర్పినప్పుడు చేత్తో తిన్న పిల్లలకూ చెంచాతో తిన్న పిల్లలకూ అడ్డం పడటంలో తేడా కనిపించలేదని 2016లో ప్రకటించారు. అయితే రెండు గుంపుల్లోనూ ఇవ్వకూడని ముక్కలు చాలామంది పిల్లల చేతికి అందాయి. బరువులోనూ పెద్ద తేడా రాలేదు. అంటే ఈ పద్ధతి మహిమ కాదు, ముప్పు కూడా కాదు. నా మటుకు చెంచాను పూర్తిగా బహిష్కరించాలన్న పట్టుదలలో అర్థం కనపడదు. ఆరో నెలకు బిడ్డ ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గుతాయి. కేవలం సొరకాయ ముక్క చప్పరిస్తే ఆ లోటు తీరదు. పప్పు, గుడ్డు, తినేవాళ్ల ఇళ్లలో కాలేయం, మాంసం, రాగి పిండి మెత్తగా లోపలికి వెళ్లాలి. కొంత గోరుముద్ద, కొంత పసిచేయి, ఒకే కంచంలో.

వేరుశనగ కథ కూడా ఇందులోనిదే. అలెర్జీ వస్తుందని పడమటి దేశాలు పిల్లలకు దాన్ని ఏళ్ల తరబడి దూరం పెట్టాయి. ఇజ్రాయెల్ పిల్లలు పల్లీతో చేసిన ఉబ్బు మురుకులు చిన్నప్పుడే తింటారు, వాళ్లలో ఆ అలెర్జీ బ్రిటన్ యూదు పిల్లల్లో కంటే దాదాపు పది రెట్లు తక్కువ అని 2008లో తేలింది. లండన్‌లో 640 మంది శిశువుల మీద చేసిన పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. ముందుగా మొదలుపెడితే అలెర్జీ బాగా తగ్గింది. జాక్సన్ చెప్పిందీ నిజమే, ఇదీ నిజమే. గింజ వద్దు, మెత్తగా నూరిన పల్లీ ముద్ద జావలో కలపొచ్చు. తీవ్రమైన ఎగ్జిమా అనే చర్మవ్యాధి ఉన్న పిల్లలకైతే డాక్టరును అడిగి.

మన దగ్గరికి తిరిగొస్తే, 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, గోధుమ, శనగపప్పు, వేరుశనగ, బెల్లంతో హైదరాబాద్ మిక్స్ తయారు చేసింది. అంగన్‌వాడీల్లో తెలంగాణ ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తోంది. 1992 చట్టం, 2003 సవరణ రెండేళ్ల లోపు పిల్లల డబ్బా తిండికి ప్రకటనలు ఇవ్వకుండా ఆపాయి. ఇవన్నీ గిన్నెలో ఏముండాలో చూసిన పనులు. గిన్నె ఎలా పెట్టాలో చూసిన పని నల్లగొండ జిల్లా పల్లెల్లో జరిగింది. హైదరాబాదు సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ బృందం 60 ఊళ్లను మూడు గుంపులు చేసింది. ఒక గుంపులో మామూలు అంగన్‌వాడీ సేవలు. రెండో గుంపులో తల్లులకు ఏ వయసుకు ఏం పెట్టాలో ఇంటికొచ్చి చెప్పారు. మూడో గుంపులో దానికి తోడు బిడ్డ సైగలు చూసి పెట్టడం, మాట్లాడుతూ పెట్టడం, తన చేత్తో తిననివ్వడం, ఆడించడం నేర్పారు. రెండు, మూడు గుంపుల పిల్లలూ మెరుగైన తిండి తిన్నారు. మూడో గుంపు పిల్లల మనోవికాసం మొదటి గుంపు వాళ్ల కంటే ముందుంది. ఈ ఫలితం 2013లో అచ్చయింది. మన మట్టిలో, మన ఊరి ఆడవాళ్ల చేతుల మీదుగా తేలిన ఈ సంగతి విదేశీ పుస్తకాలు చదివే మన తల్లుల్లో ఎంతమందికి తెలుసు?

తెలియాల్సిన అవసరం చాలా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా తిండి అందుతున్నది 11.3 శాతానికే. ఉన్నవాళ్ల ఇళ్లలోనేమో చందమామ చోటికి సెల్‌ఫోన్ వచ్చింది. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. చందమామ కనీసం కదలదు, రంగులు మార్చదు, తల్లి ముఖాన్ని మరిపించదు. పాట వస్తున్నంతసేపూ నోరు దానంతట అదే తెరుచుకుంటే ముద్ద ఎప్పుడు లోపలికి వెళ్లిందో బిడ్డకు తెలియదు. చేతులు ఒళ్లో పడి ఉంటాయి. బామ్మ మోకాళ్ల మధ్య ఇరుక్కున్న ఆ చేతులే మళ్లీ కనిపిస్తాయి నాకు.

మొన్న ఒక సాయంత్రం మా పక్కింటి ఆవిడ వీడియో కాల్‌లో డాలస్‌లోని కూతురితో మాట్లాడుతోంది. నేనూ అక్కడే ఉన్నాను. తెర మీద ఏడు నెలల మనవరాలు ఎత్తు కుర్చీలో కూర్చుని నిలువుగా కోసిన ఇడ్లీ ముక్కను పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆవిడ గుండె మీద చేయి వేసుకుంది.

"ఏమే, అంత పొడుగు ముక్క ఇచ్చావేంటే? చిన్న చిన్నగా చిదిమి పెట్టు, గొంతులో పడుతుంది."

"అమ్మా, నువ్వు నాకు మామిడి టెంక ఇచ్చేదానివని నువ్వే చెప్పావుగా!"

"టెంక వేరే. అంత పెద్దది నోట్లో పడితేగా మింగడానికి!"

"ఇదీ అంతేనమ్మా."

ఆవిడ ఇంకేదో అనబోయి ఆగింది. తెర మీద ఇడ్లీ ముక్క సగానికి విరిగి బల్ల మీద పడింది. పాప దాన్ని అరచేత్తో నొక్కింది, అంటుకున్నదాన్ని నాకింది, మిగిలిన సగం కోసం రెండో చేయి చాపింది. ఎడమ చేయి. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.